నిద్ర పట్టింది, మంట మాత్రం తగ్గలేదు: యోంగ్‌చువాన్ పాయింట్‌తో ఒక కేస్ స్టడీ

యాభై ఆరేళ్ళ ఆవిడ. టైప్ 2 షుగర్ బయటపడి తొమ్మిదేళ్ళు. భర్తతో కలిసి టిఫిన్ సెంటర్ నడుపుతారు. పూర్తి శాకాహారులు. షుగర్‌కి వేరే డాక్టర్ దగ్గర మందులు వాడుతున్నారు. నా దగ్గరికి వచ్చింది నిద్ర కోసం.

“పడుకోగానే అరికాళ్ళు భగభగా మండిపోతాయండీ డాక్టరు గారూ. దుప్పట్లోంచి కాళ్ళు బయటపెడతాను, తడిగుడ్డ చుట్టుకుంటాను. తొమ్మిదింటికి పక్క ఎక్కితే కన్ను మూతపడేసరికి పదకొండు దాటుతుంది. మళ్ళీ మూడున్నరకల్లా లేచి ఇడ్లీ పొయ్యి వెలిగించాలి కదా.”

వేడి లాగేస్తుందని గోరింటాకు పెట్టి చూశారు. ఆముదం రాసి చూశారు. ఈలోగా అరికాలి మధ్యలో ఉండే ఒక పాయింటు నొక్కితే నిద్ర పడుతుందని ఫోన్లో ఏదో వీడియో చూశారట. ఊళ్ళో ఎగ్జిబిషన్ పెట్టినప్పుడు బొడిపెలున్న ఆక్యుప్రెషర్ చెప్పులు కొన్నారు. నాలుగు నెలలుగా పొయ్యి దగ్గర నిలబడినంతసేపూ అవే తొడుక్కుంటున్నారు. “ఇంకా గట్టిగా నొక్కేవాళ్ళ చేతిలో పడితే తగ్గుతుందేమోనని వచ్చాను” అన్నారు.

నేను చదివింది నేచురోపతీ. మా బీఎన్‌వైఎస్ (నేచురోపతీ, యోగా డిగ్రీ) కోర్సులో ఆక్యుపంక్చర్, ఆక్యుప్రెషర్ కూడా ఉంటాయి. ప్రాక్టీసులో నేను ఎక్కువగా వాడేది చైనా వైద్యం పద్ధతినే. ఆవిడ అనుమతి తీసుకుని, గుర్తుపట్టే వివరాలు మార్చి ఈ కేసు రాస్తున్నాను. ఆవిడ అడిగిన పాయింటు పనిచేసింది. అయితే ఆవిడ ఏ పని చేస్తుందనుకున్నారో ఆ పని చెయ్యలేదు. ఈ తేడా తెలియకుండా షుగర్ ఉన్నవాళ్ళ అరికాళ్ళు నొక్కడం ప్రమాదమని నా గట్టి అభిప్రాయం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

పాయింటు సంగతి

ఆవిడ వీడియోలో చూసింది యోంగ్‌చువాన్. చైనా వైద్యంలో మూత్రపిండాల నాడీమార్గంలో మొత్తం ఇరవై ఏడు పాయింట్లుంటే, వాటిలో ఇది మొదటిది. మన దగ్గర ఆక్యుప్రెషర్ చేసేవాళ్ళు కిడ్నీ 1 అంటారు. కాలివేళ్ళు లోపలికి ముడిస్తే అరికాలి ముందు వైపు ఒక గుంట పడుతుంది, అదే ఆ చోటు. కొలత కావాలంటే రెండో వేలు, మూడో వేలు మొదలయ్యే చోటి నుంచి మడమ చివరిదాకా ఒక గీత ఊహించుకోండి. దాన్ని మూడు సమభాగాలు చేస్తే ముందు భాగం ఎక్కడ అయిపోతుందో అక్కడుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో 361 పాయింట్లకు ప్రామాణిక స్థానాలు ప్రకటించినప్పుడు దీనికి చెప్పిన చోటు కూడా ఇదే. చాలామంది అరికాలి సరిగ్గా నడిమధ్యన, పాదం ఒంపులో నొక్కుతుంటారు. అది బాగా వెనక్కి పోయినట్టు.

రెండు వేల ఏళ్ళ నాటి చైనా వైద్య గ్రంథం లింగ్‌షులోనే దీని ప్రస్తావన ఉంది. మూత్రపిండాల శక్తి బయటికి వచ్చేది ఇక్కడేనని, ఇది పాదానికి గుండెలాంటి చోటని అందులో చెప్పారు. వాళ్ళ లెక్కలో మూత్రపిండాలు నీళ్ళు, గుండె నిప్పు. వయసు మీద పడో, పని భారం వల్లో, దీర్ఘ రోగం వల్లో కింద నీళ్ళు తగ్గితే పైన నిప్పును పట్టి ఉంచేది ఉండదు. అప్పుడు మనసు కుదురుగా ఉండదు, నిద్ర పట్టదు. ఒంట్లో అన్నిటికన్నా కిందనుండే పాయింటు కాబట్టి, దీన్ని నొక్కితే పైకెగసిన వేడి కిందికి దిగుతుందని నమ్మకం. సోంగ్ వంశం కాలంలో ఉన్న కవి సు షి (1037–1101) శ్వాస సాధన చేశాక అరచేతులతో రెండు అరికాళ్ళూ వేడెక్కేలా రుద్దుకోవాలని రాశాడు. పడుకునే ముందు వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకునే అలవాటు చైనాలో ఇప్పటికీ ఇంటింటా ఉంది.

ఇక్కడ సూది గుచ్చితే బాగా నొప్పి పుడుతుంది. అందుకే స్పృహ తప్పడం లాంటి సందర్భాల్లో తప్ప సూది తక్కువగానే వాడతారు. నిద్ర సమస్యలకు ఎక్కువగా నొక్కడమో రుద్దడమో చేస్తారు.

చైనా వైద్యుడైతే ఏమనేవాడు

అడగాల్సినవన్నీ అడిగాను. రాత్రి నోరు పిడచకట్టుకుపోతుందా? అవును, మంచం పక్కనే చెంబు పెట్టుకుంటారు. నడుం లాగుతుందా? లాగుతుంది. అరచేతులు? అవీ వేడిగానే ఉంటాయి, కాళ్ళంత కాదు. గుండెల్లో దడ? అప్పుడప్పుడు. మనసు? “ఊరికే చిరాకండీ. ఏ మాటన్నా విసుగ్గా ఉంటోంది.”

అరచేతులు రెండు, అరికాళ్ళు రెండు, ఛాతీ. ఈ ఐదు చోట్లా వేడిగా అనిపించడాన్ని చైనా వైద్యంలో ఐదు గుండెల వేడి అంటారు. నాలుక చాపమన్నాను. ఎర్రగా, నున్నగా ఉంది. నాలుక మీద మామూలుగా కనిపించే పల్చటి తెల్లపొర దాదాపు లేదు, నడిమధ్య రెండు పగుళ్ళున్నాయి. నాడి సన్నగా, కాస్త వేగంగా ఉంది. ఇన్ని గుర్తులు ఒకేచోట కనిపిస్తే చైనా వైద్యం చదివినవాళ్ళెవరైనా ఒకే మాట చెబుతారు: మూత్రపిండాల యిన్ (ఒంటికి చల్లదనాన్నీ తేమనూ ఇచ్చే శక్తి) తగ్గింది, గుండెకూ మూత్రపిండాలకూ పొత్తు కుదరడం లేదు. షుగర్ జబ్బుని వాళ్ళు పాతకాలం నుంచీ దాహంతో మనిషి కరిగిపోయే జబ్బుగా చెబుతూ వచ్చారు. అది ముదిరి కింది భాగానికి దిగితే వచ్చేదీ ఇదే స్థితి.

పుస్తకంలో రాసినట్టే ఉన్న కేసు. ఈ నిర్ధారణకు యోంగ్‌చువాన్ అచ్చంగా సరిపోతుంది. అంటే ఆవిడ వీడియోలో విన్నదీ, నా పుస్తకాలు చెప్పేదీ ఒకటే. అయినా నా చెయ్యి అరికాలి మీదికి పోలేదు, ముందు పాదం పరీక్ష చెయ్యాలి.

ఈ పద్ధతి కేవలం ఇంగ్లీషు వైద్యం నుంచి తెచ్చిపెట్టుకున్నదని అనుకోనవసరం లేదు. హాన్ వంశం చివరి రోజుల్లో ఉన్న వైద్యుడు జాంగ్ జోంగ్‌జింగ్ తన గ్రంథం ముందుమాటలో అప్పటి వైద్యుల్ని గట్టిగానే మందలించాడు. చెయ్యి పట్టుకుని నాడి చూస్తారు గానీ కాలిదాకా పోరు, పాదం మీది నాడితో పోల్చి చూడరు, కాసేపట్లోనే మందు రాసిచ్చేస్తారు అని అతని బాధ. పాదం పైన కొట్టుకునే నాడి, లోపలి చీలమండ వెనక కొట్టుకునే నాడి, రెండూ వాళ్ళు చూసేవారు. ఇవాళ షుగర్ రోగికి రక్తప్రసరణ ఎలా ఉందో తెలుసుకోవడానికి ఏ డాక్టరైనా వేలు పెట్టేది సరిగ్గా ఈ రెండు చోట్లే. చీలమండ వెనక చోటు తాయ్‌షీ, కిడ్నీ 3. నాకు ఈ సంగతి ఎప్పుడు గుర్తొచ్చినా సంతోషంగా ఉంటుంది.

పాదం చూశాక

రెండు పాదాల్లోనూ నాడి బాగానే అందింది. చర్మం బాగా పొడిబారింది, మడమలు పగిలాయి. పది గ్రాముల మోనోఫిలమెంట్ అని సన్నటి నైలాన్ తీగ ఉంటుంది. అది వంగేదాకా చర్మం మీద ఆనించి, తెలుస్తోందా అని అడుగుతాం. ఆవిడ కళ్ళు మూసుకున్నారు. రెండు బొటనవేళ్ళ కిందా తెలియలేదు. ఎడమ పాదం ముందు భాగంలోనూ తెలియలేదు. 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్ మోగించి బొటనవేలి ఎముక మీద పెట్టినా కంపనం తెలియలేదు. మడమ వెనక స్నాయువు మీద సుత్తితో తట్టినా పాదం కదల్లేదు.

ఎడమ అరికాలి ముందు భాగంలో, రెండో వేలి వెనకుండే ఎముక కింద, కాయ కట్టింది. నీళ్ళతో తుడిచి లైటు వేసి చూస్తే, ఆ కాయ లోపల మినపగింజంత నల్లటి మచ్చ. కాయ కింద నెత్తురు చిమ్మి గడ్డకట్టినప్పుడు అలా కనిపిస్తుంది. ఇలాగే వదిలేస్తే రేపు పుండయ్యేది అదే. చుట్టూ వేలితో మెల్లగా ఒత్తి, “నొప్పుందా పిన్నిగారూ?” అన్నాను.

“నొక్కుతున్నారా?” అన్నారావిడ.

ఆవిడ చెప్పు తెప్పించి పాదం కింద పెట్టి చూశాను. పెద్ద బొడిపె సరిగ్గా ఆ కాయ కిందికే వస్తోంది. మంట మండుతున్న కాలికి ఒత్తిడి తెలియకపోవడం వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ, షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నవాళ్ళలో ఈ రెండూ కలిసే ఉంటాయి. పాడైన నరాలు లేని మంటను పుట్టిస్తాయి, ఉన్న దెబ్బను దాచేస్తాయి. రోగికి తెలిసేది మంట ఒక్కటే. అందుకే వాళ్ళు “గట్టిగా నొక్కండి” అంటారు.

యోంగ్‌చువాన్ ఉండే చోటు కూడా చూడండి. అది ఆ ఎముకల తలలకు కాస్త వెనక. షుగర్ పుండ్లు ఎక్కువగా పడేది ఆ ఎముకల తలల కిందే. పాయింటు చూపించడంలో రెండు వేళ్ళ మందం ముందుకు జరిగితే చాలు, పుండు పడే చోటే రోజూ నలిపినట్టవుతుంది. ఆ చెప్పులు తయారుచేసేవాళ్ళకి కొనేవాళ్ళ పాదం కొలత తెలియదు కదా, బొడిపె ఎవరికి ఎక్కడ తగులుతుందో ఎలా చెప్పగలరు?

నాలుక మళ్ళీ చూశాను

పాదం చూశాక నాలుక గురించి వేరేలా ఆలోచించాల్సి వచ్చింది. ఎర్రగా, నున్నగా, పొర లేని నాలుక చైనా వైద్యంలో యిన్ తగ్గిందనడానికి గుర్తు. ఆధునిక వైద్యంలో అదే నాలుక విటమిన్ బి12 లోపానికి పేరున్న గుర్తుల్లో ఒకటి. అరికాళ్ళ మంటలు కూడా అంతే: అక్కడ యిన్ లోపం, ఇక్కడ షుగర్ వల్లో, బి12 తగ్గడం వల్లో, రెండిటివల్లో నరాలు దెబ్బతినడం. ఆవిడ తొమ్మిదేళ్ళుగా మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడుతున్నారు, ఇప్పుడు రోజుకి రెండు గ్రాములు. ఎక్కువ మోతాదులో ఏళ్ళ తరబడి వాడితే చిన్నపేగుల చివర బి12 ఒంటికి పట్టడం తగ్గుతుంది. దానికి తోడు శాకాహారం. పాలు, పెరుగు తప్ప బి12 వచ్చే దారి లేదు. ఆ పెరుగు కూడా, “గిరాకీ టైములో తినేదెక్కడండీ, మజ్జిగ తాగేస్తాను” అన్నారు.

ఆవిడ డాక్టరు గారికి ఉత్తరం రాసిచ్చాను: పాదంలో స్పర్శ ఎక్కడెక్కడ లేదో, నాలుక ఎలా ఉందో రాసి, బి12, పూర్తి రక్త పరీక్ష, మూడు నెలల షుగర్, థైరాయిడ్, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ చూడమని. ఎడమ పాదం కాయకి పట్నంలో షుగర్ పాదాలు చూసే సర్జన్ దగ్గరికి పంపాను. చెప్పులు ఆ రోజే మానిపించాను. మెట్‌ఫార్మిన్ మానెయ్యమని నేను చెప్పలేదు, ఎవరూ సొంతంగా మానకూడదు కూడా.

సర్జన్ దగ్గరికి రెండోరోజే వెళ్ళారు. ఆయన కాయ చెక్కి చూస్తే అదృష్టవశాత్తూ కింద పుండు లేదు, ఎండిన నెత్తురు, దాని కింద కొత్త చర్మం. మెత్తటి ఎం.సి.ఆర్. (మైక్రోసెల్యులర్ రబ్బరు) చెప్పులు రాసిచ్చారు, నిలబడడం తగ్గించమన్నారు. రక్త పరీక్షలు మాత్రం వెంటనే జరగలేదు. పెళ్ళిళ్ళ సీజను, టిఫిన్ సెంటర్‌కి ఆర్డర్లు ఎక్కువ. మూడో వారానికి గానీ ల్యాబ్‌కి వెళ్ళలేదు. ఆ ఆలస్యం వల్ల ఒక మేలు జరిగింది. ఆ మధ్యకాలంలో చెప్పులు మార్చడం, కాయ చెక్కడం కాక కొత్తగా చేసిన వైద్యం ఆక్యుప్రెషర్ ఒక్కటే కాబట్టి, దాని ఫలితం చాలావరకు విడిగా కనిపించింది.

ఎలా నొక్కాం

ఎడమ అరికాలి మీద చెయ్యి వెయ్యడానికి లేదు. కుడి పాదంలో చర్మం చక్కగా ఉంది, కాయలు లేవు, నాడి బాగుంది. అందుకని యోంగ్‌చువాన్ కుడివైపు మాత్రమే ఎంచుకున్నాను. దాంతోపాటు రెండు కాళ్ళకూ తాయ్‌షీ, రెండు మణికట్ల దగ్గరా షెన్‌మెన్. షెన్‌మెన్ గుండె మార్గంలో ఏడో పాయింటు, మణికట్టు ముడత మీద చిటికెనవేలి వైపు చివర ఉంటుంది. కింద మూత్రపిండాలు, పైన గుండె, రెండింటినీ కలపడం ఈ ఎంపిక వెనక ఆలోచన.

వేడినీళ్ళు వద్దన్నాను. పాదాలు వెచ్చగా ఉంటే త్వరగా నిద్ర పడుతుందని స్విట్జర్లాండ్ పరిశోధకులు 1999లో నేచర్ పత్రికలో చూపించారు. చైనావాళ్ళ అలవాటుకి దానివల్ల కొంత బలం వచ్చింది. స్పర్శ లేని కాలికి మాత్రం ఆ సలహా ఇవ్వకూడదు. నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయో కాలికి తెలియదు, బొబ్బలెక్కాక కంటికి కనపడుతుంది. మాచిపత్రితో కాక పెట్టడం కూడా అందుకే వద్దు. చెక్కపుల్లలు, రోలర్లు అసలే వద్దు.

మామూలుగా ఆక్యుప్రెషర్‌లో ఎంత ఒత్తాలో రోగిని అడిగి తెలుసుకుంటాం. నొప్పీ హాయీ కలిసినట్టు, లోపల బరువుగా తెలిసేదాకా ఒత్తుతాం. ఈ పాదం ఆ కబురు మనకు చెప్పలేదు. కాబట్టి కొలత నొక్కేవాళ్ళ బొటనవేలి నుంచే రావాలి. బొటనవేలి కండతో మెల్లగా ఒత్తుతూ పోతే మన గోరు కింద ఎరుపు తెల్లబడే దశ ఒకటి వస్తుంది. అక్కడిదాకా పోకుండా ఆపాలి. ఊపిరి వదులుతూ ఒత్తడం, పీలుస్తూ వదలడం, రెండు మూడు నిమిషాలు. అయ్యాక చర్మం చూడాలి. ఎరుపు కొద్ది నిమిషాల్లో పోవాలి. పోలేదంటే ఆ చోటు మర్నాడు ముట్టుకోకూడదు.

క్లినిక్‌లో వారానికి రెండుసార్లు నేను చేసేదాన్ని. ఇంట్లో రోజూ రాత్రి ఎవరు చెయ్యాలన్నది ప్రశ్న. మోకాళ్ళ నొప్పుల వల్ల ఆవిడ తన పాదం తాను అందుకోలేరు. భర్త పక్కనే కూర్చున్నారు కదా అని ఆయన పేరెత్తాను. ఆవిడ బుగ్గలు నొక్కుకున్నారు. “అయ్యో, మా ఆయన చేత కాళ్ళు పట్టించుకోమంటారా? ఎంత పాపం!” ఆయన మాత్రం “నేను పడతానంటే తను ఒప్పుకోదండీ” అని నవ్వారు. చివరికి కోడలు ముందుకొచ్చింది.

ఆ అమ్మాయి చేతి గోళ్ళు కత్తిరించుకున్నాకే పాయింటు చూపించాను. మొదట అందరిలాగే అరికాలి ఒంపులోకి పోయింది. “అత్తయ్యా, వేళ్ళు ముడవండి” అని తనే పాదం పట్టుకుని చూసి, గుంట ఎక్కడ పడుతోందో కనిపెట్టింది. బాల్‌పెన్నుతో చుక్క పెట్టుకుంది. నొక్కే ముందు రెండు పాదాలూ, వేళ్ళ సందులతో సహా, ఫోన్ లైటు వేసి చూడాలని, కొత్త మచ్చ, బొబ్బ, తడి ఏది కనపడినా నొక్కడం ఆపి నాకు ఫోటో పంపాలని చెప్పాను. నూనె వేళ్ళ సందుల్లో రాయొద్దని కూడా చెప్పాను, అక్కడ తడి నిలిస్తే ఒరిసి ఫంగస్ పడుతుంది.

ఇంకో పని కూడా అప్పగించాను. రాత్రి ఎన్నింటికి పడుకున్నారు, ఉజ్జాయింపుగా ఎన్నింటికి నిద్ర పట్టింది, ఎన్నిసార్లు లేచారు, మంట పదికి ఎంత అన్నది రాసిపెట్టాలి. మంటకు కుడికాలికి ఒక అంకె, ఎడమకాలికి ఒక అంకె. కోడలు టిఫిన్ సెంటర్ లెక్కల పుస్తకం వెనక పేజీల్లో గీతలు కొట్టి రాసింది. నేను ఇచ్చిన కాగితం కన్నా అది బాగుంది.

ఫలితం

నిద్ర ముందు మారింది. మొదలుపెట్టినప్పుడు నిద్ర పట్టడానికి రెండు గంటలు, రాత్రిలో మూడుసార్లు మెలకువ. రెండో వారం ముగిసేసరికి అరగంట నుంచి ముప్పావుగంటలో కన్ను మూతపడుతోంది, మెలకువ ఒకసారే, అదీ మూత్రానికి. చాలా రాత్రుళ్ళు కోడలు రెండో చేతి షెన్‌మెన్ దగ్గరికి వచ్చేలోపే ఆవిడ గురక మొదలయ్యేదట.

మంట మాత్రం ఏడు నుంచి ఆరుకి వచ్చి అక్కడే ఆగింది. నేను ఎక్కువసేపు చూసింది కుడి ఎడమ అంకెల్ని. కుడి అరికాల్లో రోజూ యోంగ్‌చువాన్ నొక్కారు, ఎడమ దాన్ని ముట్టుకోలేదు. పాయింటు అక్కడి మంటను నేరుగా తగ్గించేదైతే కుడికాలు ముందు తేరుకోవాలి. రెండు వరుసలూ పక్కపక్కనే నడిచాయి. ఒకరోజు కుడి ఐదు, ఎడమ ఆరు. ఇంకోరోజు తిరగబడింది. మొత్తమ్మీద తేడా లేదు.

మూడో వారంలో రక్త పరీక్షలు వచ్చాయి. బి12 మిల్లీలీటరుకి 148 పికోగ్రాములు. 200కి తక్కువుంటే లోపంగానే చూస్తారు. హిమోగ్లోబిన్ 10.6, ఎర్రకణాల సైజు మామూలు కన్నా పెద్దది. మూడు నెలల షుగర్ 7.9. థైరాయిడ్, క్రియాటినిన్ బాగున్నాయి. ఆవిడ డాక్టరు గారు బి12 ఇంజెక్షన్లు మొదలుపెట్టారు, షుగర్ మందులు సర్దారు. నరాల నొప్పికి మాత్ర కూడా ఇస్తానన్నారు. పొద్దున్నే మత్తుగా ఉంటే వేడి పెనం దగ్గర పని ఎలాగని భయపడి, ఇంజెక్షన్ల ఫలితం చూశాక ఆలోచిస్తానని ఈవిడ అడిగారు. ఆయన ఒప్పుకున్నారు.

తర్వాత మంట మెల్లగా దిగడం మొదలైంది. నెలకి ఐదు, మూడు నెలలకి మూడు, రెండు కాళ్ళకూ ఒకేలా. బి12 412కి చేరింది, హిమోగ్లోబిన్ 11.9, షుగర్ 7.4. నాలుక మీద పల్చటి తెల్లపొర తిరిగి వచ్చింది, ఎరుపు తగ్గింది, పగుళ్ళు అలాగే ఉన్నాయి. చైనా వైద్యం చూపుతో చూస్తే యిన్ కోలుకుందని రాసుకోవాలి. కోలుకునేలా చేసింది ఇంజెక్షన్. బొటనవేళ్ళ కింద స్పర్శ మాత్రం తిరిగి రాలేదు. అది వచ్చే అవకాశం తక్కువని ఆవిడకి ముందే చెప్పాను.

దీన్ని నేనెలా అర్థం చేసుకుంటున్నాను

నిద్ర మెరుగుపడడంలో యోంగ్‌చువాన్ పాత్ర ఉందని నేను నమ్ముతున్నాను. ఎంత పాత్ర అన్నది ఈ ఒక్క కేసుతో తేల్చలేం. ఆక్యుప్రెషర్ మీద, నిద్రలేమి మీద జరిగిన అధ్యయనాల్లో ఎక్కువ వాటిలో మంచి ఫలితమే కనిపించింది గానీ, అవి చాలావరకు చిన్నవి. పోల్చి చూడడానికి ఉత్తుత్తి నొక్కుడు తయారుచెయ్యడం కష్టం, ఎక్కడ నొక్కినా ఒంటికి ఏదో ఒక హాయి ఉంటుంది. ఇక్కడ ఇంకొన్ని కూడా కలిశాయి. గుచ్చుకునే చెప్పులు పోయి మెత్తటివి వచ్చాయి. మూడున్నర నుంచి నిలబడే ఉన్న మనిషికి రాత్రి పది నిమిషాలు ఎవరో ఒకరు కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఆవిడే ఒకసారి అన్నారు, “పెళ్ళయి వచ్చాక ఇదే మొదలండీ, ఇంకొకరి చేత నా కాళ్ళు పట్టించుకోవడం.” దాని విలువ తక్కువ చేసి చూడను. వైద్యంలో అదీ భాగమే.

చైనా వైద్యం వైపు నుంచి ఒకరు నాతో వాదించవచ్చు: పాయింటు పనిచేసేది మార్గం ద్వారా, మూత్రపిండాలు ఒళ్ళంతటికీ సంబంధించినవి, కుడివైపు నొక్కితే కుడివైపే తగ్గాలన్న నియమం లేదు కదా అని. సిద్ధాంతం ప్రకారం నిజమే. అలాంటప్పుడు రెండు కాళ్ళకూ కలిపి తగ్గాలి. ఆ రెండున్నర వారాల్లో తగ్గింది ఒక్క అంకె. బాగా నిద్రపోయిన మనిషికి ఏ నొప్పైనా ఆ మాత్రం తక్కువగానే అనిపిస్తుంది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది నాలుక, అరికాలు. వందల ఏళ్ళ కిందట ఎవరో జాగ్రత్తగా చూసి, ఈ రెండు గుర్తులూ ఒకే మనిషిలో కలిసి వస్తాయని రాసిపెట్టారు. ఆ చూపులో లోపం లేదు. ఇవాళ రక్త పరీక్ష ఉంది కాబట్టి, ఆ గుర్తులు కలిసి కనపడగానే బి12 కూడా చూడమని చెప్పగలుగుతున్నాం. యిన్ తగ్గిందని రాసుకుని, మూత్రపిండాలకు బలమిచ్చే మూలికలు ఇచ్చి, రోజూ రెండు అరికాళ్ళూ గట్టిగా నొక్కి ఉంటే, ఆవిడకి నిద్ర పట్టేది. నిద్ర పట్టింది కాబట్టి వైద్యం సరైనదేననుకునేవాళ్ళం. ఎడమకాలి కాయ లోపల పుండు పడేది, నరాలు ఇంకా పాడయ్యేవి. కొంత మేలు కనపడడమే ఇలాంటి కేసుల్లో ప్రమాదం.

కాబట్టి అరికాళ్ళ మంటలతో వచ్చిన ఎవరికైనా యోంగ్‌చువాన్ నొక్కే ముందు మా క్లినిక్‌లో మోనోఫిలమెంట్ పరీక్ష చేస్తున్నాం. ఆ తీగకి పెద్ద ఖర్చు లేదు, పరీక్షకి ఐదు నిమిషాలు చాలు. మెట్‌ఫార్మిన్ వాడుతున్నవాళ్ళని బి12 ఎప్పుడు చూపించుకున్నారని అడుగుతున్నాం. గర్భిణుల విషయంలో కాళ్ళ పాయింట్లకు ఇంకా జాగ్రత్త కావాలి. చీలమండకు పైన నాలుగు వేళ్ళ ఎత్తులో ఉండే సాన్‌యిన్‌జియావ్, చిటికెనవేలి గోరు మూల ఉండే జియిన్ లాంటివి సంప్రదాయం ప్రకారమే వాళ్ళకు నిషిద్ధం. ప్రత్యేకించి వైద్యుడు వాడమన్న సందర్భంలో తప్ప ముట్టుకోకూడదు.

ఇప్పటి పరిస్థితి

ఎడమ పాదంలో కాయ మళ్ళీ కట్టలేదు. చర్మం గట్టిపడ్డాక, సర్జన్ సరేనన్నాక, అటువైపు కూడా యోంగ్‌చువాన్ మొదలుపెట్టాం, కుడివైపు కన్నా ఇంకా తేలిగ్గా. నిద్ర ఆరు గంటలకు దగ్గరగా వస్తోంది. మంట కొన్ని రాత్రుళ్ళు రెండు, షుగర్ అదుపు తప్పిన వారాల్లో నాలుగు. పొద్దున పూట పొయ్యి దగ్గర ఎత్తు స్టూల్ వేయించారు. దోసెలు ఆవిడ కూర్చునే పోస్తున్నారు, ఇడ్లీ పాత్ర దించే పని భర్త తీసుకున్నారు. ఏడాదికోసారి బి12, మూడు నెలలకోసారి పాదాల పరీక్ష చెయ్యాలని ఆవిడ డాక్టరు గారూ నేనూ అనుకున్నాం. కోడలు ఇప్పటికీ నొక్కే ముందు లైటు వేసి పాదాలు చూస్తుంది. కిందటి నెల కుడి మడమ పగులులో నెత్తురు కనపడితే ఫోటో పంపింది. నొక్కడం ఆపించి, సర్జన్ చెప్పిన క్రీము వాడించాం, వారంలో మానింది.